దీపానికి ఎత్తిన గుడ్డు

పన్నెండు గుడ్లు ఖాళీ చెయ్యాలి, పెంకు పగలకుండా. ఒక కొనన సూదితో చిన్న బెజ్జం, రెండో కొనన కాస్త పెద్ద బెజ్జం. చిన్నదానికి నోరు ఆనించి ఊదితే లోపలిదంతా అవతలి నుంచి గిన్నెలోకి జారుతుంది. చెప్పడానికి ఇంతే. నాలుగో గుడ్డుకే ఆమె దవడలు లాగేశాయి. ఆదివారం ఉదయం, వంటింటి బల్ల దగ్గర, భర్త ప్రసంగం కోసం ఆమె పడుతున్న పాట్లు ఇవి.

అత్తగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఖాళీ చెయ్యడం బాగానే వచ్చు నీకు," అంది.

ఆమె తలెత్తలేదు. పెదాలు గుడ్డుకు ఆని ఉన్నప్పుడు జవాబు చెప్పాల్సిన పని ఉండదు. పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు దక్కిన కొద్దిపాటి సుఖాల్లో అదొకటి.

భర్త కాలేజీలో పాఠాలు చెబుతాడు. వచ్చే శనివారం లైబ్రరీ హాల్లో ఆయన ప్రసంగం: గుడ్డులోంచి లోకం పుట్టిందని ఏయే దేశాల వాళ్ళు ఎలా చెప్పుకున్నారో వివరిస్తాడు. కథకొక గుడ్డు చొప్పున పన్నెండు పెంకులకు రంగులు వేసి దారాలతో వేలాడదీయాలని ఆయన ఆలోచన. ఆలోచన ఆయనది. ఊదడం, కడగడం, ఆరబెట్టడం, రంగులు వెయ్యడం, దారం కట్టడం ఆమెవి. ఆ పైన ప్రసంగం టైపు చెయ్యడం కూడా.

పేపరు చదువుతూనే లోపలికి వచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు. "ఇదంతా పారేస్తావా ఏంటి? అట్టు వెయ్యి." అట్టు వేసింది. తిని, ఉప్పెక్కువైందన్నాడు.

పెళ్ళై పదకొండేళ్ళు, పిల్లల్లేరు. ఈ రెండు ముక్కలూ ఆ ఇంట్లో ఎవరు చెప్పినా ఒకే ఊపిరిలో చెబుతారు, ఆమె వంక చూస్తూ చెబుతారు. ఇప్పటికి మూడుసార్లు ఆమెను ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టారు. మొదటిసారి బొడ్డు కింద చిన్నగా కోసి, గర్భసంచి గొట్టాలు మూసుకుపోయాయేమోనని చూశారు. మూసుకుపోలేదు. రెండోసారి పక్కన ఇంకో కోత పెట్టి, కెమెరా దించి చూశారు. ఏమీ లేదు. ఏమీ లేదని రెండుసార్లు తేలింది కాబట్టి మూడోసారి మళ్ళీ కోసి చూశారు. నాలుగోది ప్రసంగం అయిన రెండో రోజు, సోమవారం. డాక్టరమ్మ ఈసారి కాస్త లోతుగా చూస్తానంది. మూడు వారాలు సెలవు పెట్టాలి. ఆమె పనిచేసే హేచరీలో దీపాల గదికి పెద్దగా ఎవరిని వెయ్యాలో ఈ నెలలోనే తేలుస్తారు. ఆ గదిలో పదమూడేళ్ళుగా నిలబడింది ఆమే. మంచం మీదున్న మనిషికి ఎవరూ పెద్దరికం ఇవ్వరు.

ఆ మాట అంటే అత్తగారు, "పెద్దరికం పోతే పోయింది. ముందు కడుపు పండనీ," అంది. భర్త చదువుతున్న పేపరు మడవకుండానే, "నీ మంచికే కదా," అన్నాడు.

*

హేచరీ అంటే కోడిగుడ్లను పొదిగించే చోటు. గుడ్లు ఫారాల నుంచి వస్తాయి, యంత్రాల్లో వెచ్చగా పడుకుంటాయి. ఏడో రోజున ట్రేలు దీపాల గదికి వస్తాయి. ఆ గదికి కిటికీల్లేవు. రేకు డబ్బాలో బల్బు, డబ్బాకు రూపాయి బిళ్ళంత రంధ్రం. గుడ్డును ఆ రంధ్రానికి ఎత్తితే లోపలి సంగతంతా బయటపడుతుంది. బతికున్న గుడ్డులో సాలీడు కాళ్ళలాంటి ఎర్రటి నరాలు, నడుమ ఒక చుక్క, చూస్తుండగానే ఆ చుక్క కదులుతుంది. మధ్యలో చచ్చినదానిలో ఒక ఎర్రటి వలయం. పిల్ల పడని ఖాళీ గుడ్డులో ఏమీ ఉండదు. వెలుగు అడ్డు లేకుండా ఇటునుంచి అటు వచ్చేస్తుంది. గుడ్డుకు రెండు సెకన్లు. పదమూడేళ్ళలో ఆమె ఎత్తిన గుడ్లు వరసగా పేరిస్తే ఎక్కడిదాకా పోతాయోనని ట్రేలు మోసే పిన్ని అప్పుడప్పుడూ ఆశ్చర్యపోతుంది.

సోమవారం ఒక ఫారం నుంచి వచ్చిన సరుకులో ఖాళీలు ఎక్కువ తేలాయి. ట్రేకు నలభై, యాభై. అలా తేలితే కోళ్ళ డాక్టరును పిలవాలి. టోపీ పెట్టుకున్న బక్కపలచటి మనిషి ఆయన. వచ్చి, నాలుగు గుడ్లు తనే ఎత్తి చూసి, అక్కడే నిలబడి ఫారానికి ఫోన్ చేశాడు. అవతలి గొంతు గది అంతా వినిపిస్తోంది.

"కోళ్ళు ముసలివయ్యాయేమో సార్."

"గుడ్లు పెడుతున్నాయా లేదా?"

"పెడుతున్నాయి సార్."

"మరింకేం. కోడి పని కోడి చేసింది. ముందు పుంజుల్ని చూడండి. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని తూకం వెయ్యండి, కాళ్ళు చూడండి. కోళ్ళ జోలికి తర్వాత పోదాం."

ట్రేల పిన్ని ఆమె చెవి దగ్గర చేరింది. "విన్నావుటే, పుంజుల్ని తూకం వేస్తారట. మా ఆయన్ని వెయ్యాలంటే ఈ కాటా చాలదు."

ఆమె నవ్వలేదు. ఆ ఫోను మాటలు ఆమెకు కొత్త కాదు. ఏడాదికి నాలుగైదుసార్లు వింటూనే ఉంది. చెవికి ఇంత దగ్గరగా రోజూ తిరిగే మాట లోపలికి దిగడానికి పదమూడేళ్ళు పట్టింది, అంతే. చేతిలో ఉన్న గుడ్డును ట్రేలో పెట్టడం మరిచిపోయింది.

"ఎందుకు సార్, ముందు పుంజునే చూడమంటారు?" అని అడిగింది.

డాక్టరు టోపీ సర్దుకున్నాడు. ఇంత చిన్న ప్రశ్న ఇన్నేళ్ళ మనిషి అడిగిందేమిటని ఒక్క క్షణం చూశాడు. "తేలికమ్మా. పుంజును చూడాలంటే పట్టుకుంటే చాలు. కోడిని చూడాలంటే కొయ్యాలి. తేలికది వదిలేసి కొయ్యడంతో ఎవడు మొదలుపెడతాడు, బుద్ధున్నవాడు?"

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె ఆ రోజు ఇంకో పదహారు ట్రేలు చూసింది. చెయ్యి తన పని తను చేసుకుపోయింది. బొడ్డు కింద మూడు చిన్న మచ్చలు చీర కట్టు దగ్గర దురద పెడుతూనే ఉన్నాయి.

*

బుధవారం సాయంత్రం భర్త ఒక లావుపాటి పుస్తకం తెచ్చి టైపు యంత్రం పక్కన పడేశాడు. "గుర్తులు పెట్టాను. ఆ పేజీల్లోవి తీసుకుని, నా కాగితాలతో కలిపి శుభ్రంగా కొట్టు," అని చెప్పి బయటికి వెళ్ళాడు. ఆయనకు కాగితం ముక్క ఏది దొరికితే దాన్నే పుస్తకంలో గుర్తుగా పెట్టే అలవాటు. బస్సు టిక్కెట్లు, బట్టల షాపు బిల్లులు, ఒకసారి ఆమె తన తల్లికి రాసి పోస్టు చెయ్యమని ఇచ్చిన ఉత్తరం.

ఆమె కథలు చదువుతూ టైపు చేసింది. ఒక దేశంలో అంతా నీళ్ళే ఉన్నప్పుడు నీళ్ళ తల్లి మోకాలు పైకి తేలితే, అది తిన్నె అనుకుని ఒక పక్షి గూడు కట్టి గుడ్లు పెట్టి పొదిగిందట. మోకాలు కాలిపోతుంటే ఆ తల్లి ఓర్చుకుని ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేక కదిలింది. గుడ్లు నీళ్ళలో పడి పగిలాయి. కింది పెంకు నేలయింది, పై పెంకు ఆకాశమయింది, పచ్చసొన సూర్యుడయింది. ఇంకో దేశంలో గుడ్డులో ఒక మహాకాయుడు పద్దెనిమిది వేల ఏళ్ళు నిద్రపోయి, లేచి, గొడ్డలితో పెంకు చీల్చాడు. ఇంకో చోట నీళ్ళ మీద బంగారు గుడ్డు ఏడాదిపాటు తేలి రెండు చెక్కలయింది. మరో చోట గుడ్డు చుట్టూ పాము చుట్టుకుని ఉంది. ఎన్ని దేశాలో అన్ని గుడ్లు. టైపు చేస్తున్న కొద్దీ ఆమెకు ఒంట్లో ఏదో రాజుకుంది. ఇంతమంది పెద్దమనుషులు గుడ్డును గురించి ఇంత రాశారు. దాన్ని పగలగొట్టినవాడి పేరుంది, పొడుగుంది, గొడ్డలి ఉంది. పెట్టినది ఏదని ఎక్కువచోట్ల ఎవరూ అడగలేదు. గుడ్డు ఊరికే పడి ఉంటుందా? వెచ్చదనం తగ్గితే ఒక్క పూటలో చచ్చిపోతుంది, రోజుకు నాలుగుసార్లు తిప్పకపోతే పిల్ల పెంకుకు అంటుకుపోతుంది, ఈ సంగతి ట్రేల పిన్నికి కూడా తెలుసు. పద్దెనిమిది వేల ఏళ్ళు ఎవరు తిప్పారు? ఒక కథలో అయితే ఇద్దరు తోబుట్టువులు సవతులయ్యారు. ఒకామె గుడ్లు ఐదువందల ఏళ్ళకు పగిలి పిల్లలొచ్చాయి. రెండో ఆమె గుడ్లు కదల్లేదు. చూసేవాళ్ళ చూపులు తట్టుకోలేక ఒక గుడ్డును తనే చితికింది. లోపల నడుం దాకా మాత్రమే తయారైన కొడుకు. వాడు లోకంలో మొట్టమొదట చేసిన పని తల్లిని శపించడం. సవతికి దాసీవి కమ్మన్నాడు. ఆమె అయింది. తండ్రిని ఎవరూ ఏమీ అడగలేదు.

భర్త కాగితాల మీద ముగింపు ఇలా ఉంది: గుడ్డు అంటే స్త్రీ. కదలనిది, ఎదురుచూసేది. దాన్ని ఛేదించి వెలుగు తెచ్చినవాడే సృష్టికర్త. ఆమె అదీ టైపు చేసింది. తప్పు పోకుండా టైపు చేసింది.

పుస్తకం మూయబోతే, బంగారు గుడ్డు పేజీ దగ్గర గుర్తుగా ఉన్న కాగితం కాస్త మందంగా కనిపించింది. తీసి చూసింది. ఆసుపత్రి చీటీ. పైన భర్త పేరు, కింద చెయ్యాల్సిన పరీక్ష, మూలన తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. నడుమ చుక్కల గీత.

ఆ ఆసుపత్రి చీటీల సంగతి ఆమెకు అరచేతి గీతలకన్నా బాగా తెలుసు. లోపల పరీక్ష చేసేవాళ్ళు చుక్కల గీత దగ్గర చించి, కింది ముక్క ఉంచుకుని, పై ముక్క మన చేతికిస్తారు. ఆమె చీటీలు ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. అన్నీ సగం చీటీలే. ఇది మొత్తం ఉంది. ఎక్కడా చిరగలేదు.

ఆ రోజు ఆమెకు గుర్తుంది. డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు రాసింది. భర్త పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు, మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. కంచంలో చెయ్యి పెట్టి, తల ఎత్తకుండా, "చూపించుకున్నానమ్మా. నాలో ఏ లోపమూ లేదట," అన్నాడు. అత్తగారు ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. ఆడపడుచు పరిగెత్తుకొచ్చి, "పోనీలే వదినా, మనవాడిలో లేదుగా, అదే చాలు," అని ఈమె చెయ్యి పట్టుకుని ఓదార్చింది. ఓదార్పు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తప్పు ఎవరిదో తేలిపోయింది. బారసాల, పేరంటం అన్న తేడా లేకుండా ఎవరింటి ముంగిట్లోకైనా ఆమె అడుగు పెట్టగానే మాటలు ఆగేవి. నెలనెలా బయట ఉన్న మూడు రోజులూ అత్తగారు పొయ్యి దగ్గర గిన్నెలు గట్టిగా పెట్టేది. తోటికోడలు తన పసిబిడ్డను ఆమె ఒళ్ళో పెట్టి, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు తీసేసుకునేది. సూదులు గుచ్చిన తొడలు గట్టిపడి కూర్చోలేక నిలబడే అన్నం తిన్న రోజులున్నాయి. అవన్నీ ఈ మనిషి చూశాడు. రోజూ చూశాడు. చూస్తూ ఈ చీటీని ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి మార్చుకుంటూ వచ్చాడు. దాచాడా అంటే అదీ కాదు. దాచడానికైనా కాస్త భయం ఉండాలి. దాన్ని మరిచిపోయాడు. ఆమె పొట్ట మీద మూడు కోతలు పెట్టించి, ఎందుకు పెట్టించాడో మరిచిపోయాడు.

ఆమె చీటీని జాకెట్లో పెట్టుకుంది. టైపు చేసిన కాగితాల అంచులు కొట్టి సరిచేసి, బల్ల మీద పెట్టింది.

మర్నాడు హేచరీలో భోజనాల వేళ ఆసుపత్రికి ఫోన్ చేసింది. గుమాస్తా అమ్మాయి ఫైలు వెతికి తెచ్చింది.

"మీ వారి రిపోర్టు ఇందులో లేదండీ. 'భర్తకు అంతా సవ్యం, భార్య చెప్పినది' అని రాసుంది."

"భార్య చెప్పిందా?"

"అవునండీ. మీరే చెప్పారట."

నిజమే. కంచం ముందు విన్న మాటను డాక్టరమ్మ దగ్గర అప్పజెప్పింది తనే. రిపోర్టేదని ఆవిడా అడగలేదు. ఆ ఒక్క వాక్యం మీద మూడుసార్లు కత్తి పెట్టారు. ఆమె చెప్పింది: "సోమవారం నాకు ఇచ్చిన టైము కొట్టెయ్యండి. నేను ఇంక ఆ బల్ల ఎక్కను. అదే రోజు మా ఆయన పేరు పరీక్షకు రాయండి."

"ఆయన వస్తారాండీ?"

"రాయండి," అంది.

*

శనివారం హాల్లో అరవై కుర్చీలు నిండాయి. పన్నెండు పెంకులు రంగులతో దారాలకు వేలాడుతున్నాయి. అత్తగారు ముందు వరసలో, కొత్త చీరలో. భర్త బాగా మాట్లాడాడు. గొంతు మంచిది, అందులో సందేహం లేదు. మధ్యలో, "మా ఆవిడ గుడ్ల డాక్టరు. మీకొక తమాషా చూపిస్తుంది," అని నవ్వించి ఆమెను పిలిచాడు. బతికున్న గుడ్డు ఒకటి తెచ్చి చూపించమని ఆయనే చెప్పాడు. ఆమె రెండు తెచ్చింది.

దీపాలు ఆర్పారు. రేకు డబ్బా రంధ్రానికి మొదటి గుడ్డును ఎత్తింది. ఎర్రటి నరాలు, నడుమ కదిలే చుక్క. కుర్చీలు కిర్రుమన్నాయి, జనం ముందుకు వంగారు. రెండోది ఎత్తింది. వట్టి వెలుగు.

"ఇది ఖాళీ," అంది.

రెండో వరసలో చేతికర్ర పట్టుకున్న ముసలి హెడ్మిస్ట్రెస్ అడిగింది. "ఇలాంటివి పెట్టిన కోడిని ఏం చేస్తారమ్మా? తీసేస్తారా?"

"తీసెయ్యక ఏం చేస్తారండీ," అని భర్త నవ్వుతూ అందుకున్నాడు.

"లేదండీ. కోడిని ఏమీ చెయ్యం," అంది ఆమె. "గుడ్డు పెట్టింది కదా, దాని పని అది చేసింది. మేం ముందు పుంజును చూస్తాం. పుంజును చూడాలంటే పట్టుకుంటే చాలు. కోడిని చూడాలంటే కొయ్యాలి."

హాలు ఫక్కున నవ్వింది. ముసలి హెడ్మిస్ట్రెస్ కర్రతో నేల మీద కొట్టి మరీ నవ్వింది. భర్త కూడా నవ్వాడు. "పట్టుబడని పుంజు ఉంటే?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"అదే కష్టం. మా దగ్గర అలాంటివి లేవు," అంది ఆమె.

దీపాలు వెలిగాయి. చివరి మాటగా బంగారు గుడ్డు భాగం చదువుతానని భర్త లావు పుస్తకం తెరిచాడు. గుర్తు పెట్టిన చోటు దొరకలేదు. పేజీలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. పుస్తకాన్ని తలకిందులు చేసి దులిపాడు. రెండు బస్సు టిక్కెట్లు రాలాయి. వంగి వాటిని చూశాడు. అలా వంగి ఉండగానే ఏం పోయిందో ఆయనకు గుర్తొచ్చింది. లేచి ఆమె వంక చూశాడు. ఆమె రేకు డబ్బాకు తీగ చుట్టుకుంటోంది. ప్రసంగం అక్కడితో ఆగిపోయింది. జనం అదే ముగింపు అనుకుని చప్పట్లు కొట్టారు.

*

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అత్తగారు మొదలుపెట్టింది. "నలుగురు పెద్దమనుషుల్లో ఆ పుంజుల భాగోతం ఏంటమ్మా? సిగ్గుండక్కర్లా?"

"నా పరువు తీసింది," అన్నాడు భర్త, గోడకు చెప్పినట్టు.

ఆమె జాకెట్లోంచి చీటీ తీసి, మడత విప్పి, బల్ల మీద పెట్టింది. ఎగిరిపోకుండా ఒక మూలన ఆ ఖాళీ గుడ్డు పెట్టింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వంగింది. కోడలి వెంట అన్ని పరీక్షలకూ వెళ్ళి, ప్రతి సగం చీటీనీ చేతిలోకి తీసుకుని భద్రం చేసింది ఆవిడే. చదవాల్సిన పని లేకపోయింది.

"ఇదేంట్రా. ఇది చించలేదే."

"అప్పుడు జనం ఎక్కువగా ఉన్నారమ్మా. డబ్బా చేతికిచ్చి, పేరు పెట్టి గట్టిగా పిలుస్తున్నారు. వరసలో నా దగ్గర చదువుకున్నవాడు ఉన్నాడు. తర్వాత వెళ్దామనుకున్నా."

"తొమ్మిదేళ్ళు," అంది ఆమె.

"నువ్వు కూడా గుర్తు చెయ్యలేదు."

ఆ మాటకు ఆమె అతని మొహంలోకి చూసింది. కోపం తెచ్చుకుని అన్న మాట కాదది. నిజంగానే అడుగుతున్నాడు. ఆ క్షణంలో ఆమెలో అతని కోసం మిగిలి ఉన్నది ఏదైనా ఉంటే అది కూడా పోయింది.

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. చివరికి, "అయిందేదో అయింది. మగాడన్నాక కాస్త బిడియం ఉంటుంది. ఇప్పుడవన్నీ తవ్వుకుంటే ఏం లాభం? సోమవారం సంగతి చూద్దాం. డాక్టరమ్మ టైమిచ్చింది కదా, ఎన్నింటికి?" అంది.

"ఏడింటికి, అత్తయ్యా. నా పేరు కొట్టేయించి మీ అబ్బాయి పేరు రాయించాను. నాకు ఆ రోజు డ్యూటీ ఉంది, ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఉంది. మీరే లేపి తీసుకెళ్ళండి." గుడ్డు తీసి చేతిలో పెట్టుకుని, చీటీని ఆవిడ వైపు జరిపింది. "కింది ముక్క వాళ్ళు చించుకునేదాకా అక్కడే ఉండండి."